పిడి మీద గడ్డ

మా అన్నయ్య విల్లు పిడి మీద ఒక గడ్డ ఉండేది. ముందు దాని సంగతి చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు.

అన్నయ్య అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేసేవాడు. వయసులో ఉన్నప్పుడే కోత మిషన్‌లో ఎడమ బొటనవేలు సగం పోయింది. విల్లు పట్టేదేమో ఆ చేత్తోనే. అతనిది పాతకాలం రికర్వ్ విల్లు. చెక్క పొరలు అతికించి చేసింది, కొసలు ముందుకు వంపు తిరిగి ఉంటాయి. ఇప్పుడొచ్చే లోహపు విల్లులు పట్టుకుంటే చలికాలంలో కుళాయి గొట్టం పట్టుకున్నట్టే. ఆ చెక్క పిడి అలా కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వంపులోకి వచ్చి కూర్చుంటుంది. నాలుగు బాణాలు వేసేసరికి చేతి వేడి దానికెక్కి, ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుంది.

కానీ సగం వేలు ఆనడానికి అక్కడ చోటు లేదు. నారి లాగినప్పుడల్లా విల్లు పక్కకి తిరిగిపోయేది. ఇంకొకడైతే చాలించుకునేవాడు. మావాడు బంకలో రంపపు పొట్టు కలిపి, వేలు ఆగిపోయే చోట ముద్ద పెట్టాడు. ఆరాక ఆకురాయితో అరగదీశాడు. కుదర్లేదని మళ్ళీ పెట్టాడు, మళ్ళీ అరగదీశాడు. ఏళ్ళ తరబడి అదే పని. చివరికి రేగిపండంత గడ్డ, దాని మీద అతని వేలు కూర్చునే గుంట తయారయ్యాయి.

మేం బాణాలు వేసుకునే మైదానంలో అందరూ ఏడిపించేవారు.

"ఏం గురూ, నీ విల్లుకి గవదలు లేచినట్టున్నాయి. మందేమన్నా వేశావా?"

"వెయ్యాల్సింది దానికి కాదు, నీ కళ్ళకి," అనేవాడు అన్నయ్య.

అతనికి ఒక్కతే కూతురు. పిడుగు అని పిలిచేవాడు. చిన్నప్పుడు తండ్రి ముందు నిలబడి, అతని చేతి కింద తన చెయ్యి పెట్టి ఆ విల్లు పట్టుకునేది. సగం వేలికి చేసిన గుంట కదా, పిల్ల వేలు సరిగ్గా అందులో పడేది. పెద్దదై ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళాక కూడా, ఇంటికొస్తే ముందు గోడ మీది విల్లు దగ్గరికి వెళ్ళి, ఆ గుంటలో వేలు ఆన్చి చూసుకుని, తర్వాతే బ్యాగు కింద పెట్టేది.

పోయినేడు వానల్లో అన్నయ్య పోయాడు. ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిన మనిషి. పిడుగు బస్సు దిగేసరికి అంతా అయిపోయింది.

మా మైదానంలో ఒక అలవాటు ఉంది. మనిషి పోయిన ఏడాదికి, ఇంట్లోవాళ్ళలో ఒకరు ఆ మనిషి విల్లుతో ఒక్క బాణం వేస్తారు. ఒక్కటే. తర్వాత నారి విప్పేస్తే ఆ విల్లుని ఇంకెవరూ ఎక్కుపెట్టరు. ముందురోజు పిడుగు నాకు ఫోన్ చేసింది.

"బాబాయ్, బాణం ఎటు పోయినా నవ్వొద్దు."

"నువ్వేస్తే వెనక్కే వస్తుందని అందరికీ ముందే చెప్పి ఉంచాలే."

నవ్వింది.

"బాణం కోసం కాదు బాబాయ్. ఆ గుంటలో వేలు పెట్టి ఒక్కసారి లాగాలి. ఆసుపత్రిలో నాన్న చెయ్యి పట్టుకోలేకపోయాను కదా."

మర్నాడు పొద్దున పిడుగు బస్టాండు నుంచి నేరుగా మైదానానికే వచ్చింది. వదిన విల్లుని పాత దుప్పట్లో చుట్టి తెచ్చింది. నన్ను కూడా విప్పనివ్వలేదు.

"అమ్మాయే విప్పాలి," అంది.

పిడుగు దుప్పటి తీసింది. విల్లు నిగనిగలాడుతోంది. కొత్త పాలిష్ వాసన గుప్పుమంది. పిడి ఈ చివర నుంచి ఆ చివరకి నున్నగా ఉంది. గడ్డ లేదు.

"పాలిష్ మేస్త్రిని ఇంటికి పిలిచి చేయించానే," అంది వదిన. "ఆ గడ్డ కూడా గీకించేశాను. మీ నాన్నంటే వేలు లేక పెట్టుకున్నారు. నీకెందుకు? చేతికి గుచ్చుకుంటుంది."

నేను పిడుగు మొహం చూడలేక నారి బిగించే పనిలో పడ్డాను. బిగించి ఇచ్చాను. పట్టుకుంది. పిల్ల బొటనవేలు ఆ నున్నటి చెక్క మీద పైకీ కిందికీ పాకింది. చీకట్లో స్విచ్ కోసం వెతికినట్టు.

"ఎలా ఉందే?" అంది వదిన.

"బాగుందమ్మా."

లాగింది. ఆ విల్లుకి ఒక మంచి గుణం ఉంది. చివరికొచ్చేకొద్దీ మొరాయించదు, నూనె వేసిన తలుపులా మెత్తగా వచ్చేస్తుంది. వదిలాక కూడా చేతిని కుదపదు. ఆ గుణం అలాగే ఉంది. వేలు ఆనే చోటే లేదు. విల్లు పక్కకి తిరిగింది, బాణం గురికి కట్టిన గడ్డిచాప అంచుకి తగిలి వేలాడింది. ఎవరూ నవ్వలేదు.

పిడుగు వచ్చి బెంచీ మీద వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. విల్లు ఒళ్ళోనే ఉంది.

"నన్నొక్క మాట అడగాల్సిందమ్మా. నేనొచ్చింది ఆ గడ్డ కోసమే."

వదిన గబుక్కున నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడకి అర్థమైపోయింది.

"గుచ్చుకుంటుందని కాదే," అంది మెల్లగా. "ఇల్లు తుడిచేటప్పుడు విల్లు కూడా తుడుస్తాను కదా. గుడ్డ అక్కడికి రాగానే నా వేలు వెళ్ళి ఆ గుంటలో పడేది. అచ్చం ఆయన చెయ్యి పట్టుకున్నట్టే. పట్టుకున్నట్టే ఉంటుంది, తిరిగి చూస్తే గోడ. ఎన్నాళ్ళని? నా వల్ల కాలేదు."

పిడుగు వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"నీకు కూడా అలాగే ఉంటుందని నాకు తట్టలేదమ్మా," అంది వదిన. "నాకొక్కదానికే అనుకున్నాను."

"ఆ మేస్త్రి గీకిన పొట్టు ఏం చేశాడమ్మా?"

"ఏం చేస్తాడు, అక్కడే వదిలేసి పోయాడు. నేనే ఊడ్చాను. ఊడ్చి, చేటతో గుమ్మంలో నిలబడ్డాను. ఎక్కడ పారెయ్యాలో తోచలేదు. ఈలోపు గాలి వచ్చింది."

పిడుగు వాళ్ళమ్మ చెయ్యి తీసుకుని పిడి మీద పెట్టింది. తన చెయ్యి దాని మీద పెట్టింది. రెండు బొటనవేళ్ళూ ఒకే చోట ఆగాయి. అక్కడ ఏమీ లేదు.

అలవాటు ప్రకారం నారి విప్పాల్సింది నేను. పక్కన నిలబడ్డాను. కాసేపటికి వదినే విల్లు నా చేతికి ఇచ్చింది. నారి విప్పగానే కొసలు రెండూ ముందుకి తిరిగిపోయాయి. పిడి ఇంకా వెచ్చగానే ఉంది.