జ్ఞానకుమారి ముత్యాల తీగ

జ్ఞానకుమారి రిసెప్షన్ కిటికీ దగ్గర స్టూలెక్కి, కుండీలోంచి వేలాడే తీగకున్న ఒక ముత్యాన్ని, అంటే ముత్యంలా గుండ్రంగా ఉబ్బిన ఆకును, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నొక్కింది. పచ్చి బఠాణీలా గట్టిగానే ఉంది. నీళ్లు పోసి పది రోజులైంది. ఇంకో రెండు రోజులు అక్కర్లేదని తేల్చుకుని కిందికి దిగి, తడిగుడ్డ పట్టుకుని మెట్లు తుడవడానికి పోయింది.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్పే ఆ ఇన్‌స్టిట్యూట్ నాలుగో అంతస్తులో ఉంది. తొమ్మిదేళ్లుగా ఆమె బోరబండ నుంచి రోజూ ఏడింటికల్లా వచ్చి తలుపులు తీస్తుంది. పొట్టి మనిషి. బ్లీచింగ్ పొడికి వేళ్ల చివర చర్మం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. ఎడమ మోకాలు ప్రతి మెట్టు దగ్గరా మొరాయిస్తుంది. యాభై రెండేళ్లలో ఆమె ఎవరికైనా కాదని చెప్పిన దాఖలా లేదు. బతికినన్నాళ్లూ మొగుడికి సరే, చర్చిలో పెద్దలకు సరే, ఇక్కడ మారిన ప్రతి సూపర్‌వైజరుకూ సరే. అలాంటి మనిషికి మొండితనం ఈ తీగ దగ్గరే పట్టుకుంది.

రెండేళ్ల కిందట ఎవరో మేడం పంజాగుట్టలో ముచ్చటపడి కొన్న తీగ అది. నెల తిరక్కుండానే కుళ్లి చెత్తబుట్టకు చేరింది. దాన్ని చంపింది పిల్లల దయ. నీళ్లకు కటకటపడ్డ ఊళ్ల నుంచి కోర్సులకొచ్చిన పిల్లలు, సీసాలో మిగిలినవి పారబోస్తే పాపమని పోతూ పోతూ తలా కాస్త కుండీలో పోసేవాళ్లు. జ్ఞానకుమారి చెత్తలోంచి కుళ్లని జానెడు ముక్క ఏరి, ఇసుక కలిపిన మట్టి మీద చుట్టలా పరిచింది. కణుపు కణుపుకూ వేరు దిగింది. ఇప్పుడు రెండు మూరల పొడవున కిందికి జారుతోంది. ఆమె పెంచిన వాళ్లందరిలో ఆమె మాట విన్నది ఇదొక్కటే.

పదింటి బ్యాచ్ వచ్చింది. యశస్విని అనే అమ్మాయి సీసా మూత తిప్పుతూ కుండీ దగ్గరికి రాగానే జ్ఞానకుమారి చీపురు అడ్డం పెట్టింది.

"జర ఆగు బిడ్డా. గా నీళ్లు నువ్వే తాగు."

"వేస్ట్ అయితయి కదా ఆంటీ."

"అయితే కానీ. దాని కడుపుల నీళ్లున్నయి. ఇంకిన్ని పోస్తే చస్తది."

ఆ అమ్మాయి నవ్వి తాగేసింది.

కేదార్ అంత తేలిగ్గా నవ్వే రకం కాదు. కొత్త సూపర్‌వైజరు, విజయవాడ వైపు మనిషి. ప్రతి మొక్కకూ రోజూ నీళ్లు పోస్తూ ఫోటో దిగి వాట్సాప్ గ్రూపులో పెట్టాలని వారం కిందట చార్టు అంటించాడు. మిగతా మొక్కలన్నిటి ఫోటోలూ వస్తున్నాయి. తీగది ఒక్కరోజూ రాలేదు.

"ఏంటమ్మా ఇది? గ్రూపులో నా పరువు తీస్తున్నారు. ఒక్క మగ్గు పోస్తే మీ సొమ్మేం పోయింది?"

"చచ్చిపోతది సార్."

"చస్తే ఇంకోటి తెస్తాం. పోయండి, ఫోటో తీస్తా."

నిండు మగ్గు ఆమె చేతిలో పెట్టి ఫోను ఎత్తాడు. జ్ఞానకుమారికి చాలా భయం వేసింది. భయపడుతూనే ఆ మగ్గు నీళ్లు పక్కనున్న మనీప్లాంటు కుండీలో గుమ్మరించింది.

"పొయ్య సార్. నన్ను తీసేసినా మంచిదే."

కేదార్ ఎవరెవరికో ఫోన్లు చేశాడు. నాలుగింటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "రేపట్నుంచి ఎర్రగడ్డ ఆఫీసుకి వెళ్లండి, అక్కడ బాత్రూములు కడిగే పని. లేదంటే ఇప్పుడే ఒక మగ్గు పోసేయండి, ఈ గొడవ ఇక్కడితో వదిలేద్దాం."

"రెండూ చెయ్య." ఆమె స్టూలు జరుపుకుంది. "మీరు చెత్తల పారేసిన నాడే తీగ నాదైంది. కుండీ మీది, ఉంచుకోండ్రి."

మోకాలు పట్టుకుని ఎక్కి, తీగను వేళ్లతో సహా పెళ్లగించి, కాగితంలో చుట్టి అన్నం సంచిలో పెట్టుకుంది. ఆమె ఒక్కో మెట్టూ దిగుతూ పోయింది. రేపు పని ఎక్కడ దొరుకుతుందో తెలియదు. అయినా ఆమెకు సంతోషంగా ఉంది, పెళ్లినాడు కూడా ఇంత సంతోషం ఎరగదు.

పైన ఖాళీ కుండీ అంచుకు ఆమె ఐడీ కార్డు తగిలించి ఉంది. అందులో చేరిన రోజు తీసిన ఫోటో. జుట్టు ఇంకా నల్లగా, గడ్డం కాస్త దించుకుని, ఫోటో తీసినాయన ఎటు తిరగమంటే అటు తిరిగిన ముఖం.