పాలరాతి మీది అబద్ధం

ఇలోయిలో పట్టణపు రేవు గేటు దగ్గర కొత్త స్మారక ఫలకం మీది తెర తొలగింది. ముప్ఫయ్యేళ్ల కిందట సమ్మెలో నేలకొరిగిన ఏడుగురి పేర్లూ ఉన్నాయి. వాటి కింద "విధి నిర్వహణలో ప్రమాదవశాత్తు మరణించిన కార్మికులకు" అని చెక్కి ఉంది. మేం కూలీలం చందాలేసుకుని నిలిపిన పాత రాయిని గేటు వెడల్పు చేయాలన్న పేరుతో పగలగొట్టించిన కాంట్రాక్టరు డాన్ ఎవారిస్తోయే ఈ పాలరాయి పెట్టించాడు.

లిబ్రాదా అవ్వ నా చెయ్యి పట్టుకుంది. గోనెసంచులు కుడుతూ ముసలిదైపోయిన మనిషి, చదువు రాదు. ఆ ఏడుగురిలో ఒకడు ఆమె అన్న.

"ఏం రాశార్రా, తియో?"

చదివి వినిపించాను.

"ప్రమాదమా? అప్పుడు కాంట్రాక్టరుగా ఉన్న ఈ అయ్యగారి బాబు పెట్టుకున్న కాపలావాళ్లు కాల్చారు. మా అన్న వీపులో దిగింది గుండు. నేను చూశాను."

మేస్త్రీ వెనాన్సియో అడ్డొచ్చాడు. "పాత గొడవలెందుకే ముసలీ? అయ్యగారు భోజనాలు పెట్టిస్తున్నారు. తిని పనిలోకి పదండి."

"రాయి మీద ఏముంటే మనకేంటి?" అని పాబ్లితో అనే హమాలీ గొణిగాడు. "పని పోతే పిల్లలకేం పెడతాం?"

అప్పుడు దెలియా ముందుకొచ్చింది. పది రోజుల కిందట బస్తాలు దించే తాడు తెగి, పంచదార బస్తాలు మీదపడి ఆమె భర్త, క్రిసాంతో అనే హమాలీ, నలిగిపోయాడు. ఆ తాడు చివికిందని మేం మూడుసార్లు మొరపెట్టుకున్నాం.

"నా మొగుడి చావు కాగితంలోనూ ఇదే మాట రాశారు. ఇవాళ ఊరుకుంటే రేపు మీ పెళ్లాల చేతిలోనూ ఇదే కాగితం పెడతారు."

పాబ్లితో తల దించుకున్నాడు. కాసేపటికి తనే వెళ్లి సుత్తీ ఉలీ తెచ్చాడు.

అబద్ధం ఎక్కడుందో వేలితో చూపించాను. మొదటి దెబ్బ అవ్వే వేసింది. "ప్రమాదవశాత్తు మరణించిన" అన్న రెండు మాటలూ రాలిపోయాక ఆ చోట "కాంట్రాక్టరు చంపిన" అని నేను చెక్కసాగాను. కింద క్రిసాంతో పేరు.

సగంలో ఉండగా పోలీసులొచ్చారు. మావాళ్లు భుజం భుజం కలిపి నిలబడ్డారు.

"తప్పుకోండి," అన్నాడు అధికారి.

"అన్నాల వరసండీ," అన్నాడు పాబ్లితో. "కదిలితే వరస పోద్ది."

లాఠీలు లేచాయి. తలలు పగిలాయి. వరస తెగేసరికి ఆఖరి అక్షరం పూర్తయింది. అవ్వనీ నన్నూ జీపెక్కించారు.

పనిలోకి రమ్మని వెనాన్సియో ఈల ఊదాడు. బస్తాలెత్తే ఇనప కొక్కేలను హమాలీలు ఒక్కొక్కరే ఫలకం ముందు పడేశారు.

"కొత్త తాళ్లు రావాలి, వాళ్లిద్దరూ తిరిగి రావాలి. అప్పటిదాకా ఓడెక్కం," అన్నాడు పాబ్లితో, నెత్తురు తుడుచుకుంటూ.

జీపు కదిలింది. అవ్వ కళ్లకు దూరం ఆనదు.

"ఎంతమంది పని ఆపార్రా?"

"అందరూ అవ్వా."

ఆమె ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టింది.

"మెల్లగా పోనీ నాయనా. నన్ను మసకగానైనా వాళ్లని కాసేపు చూడనీ."