కారం లేని కారమెల్

వేటపాలెంలో జీడిపప్పు కొట్లకు కొదవ లేదు. అందుకే కొత్తగా కొట్టు పెట్టిన హెలెన్, నలుగురూ అమ్మే వేపుడు పప్పు జోలికి పోకుండా, బేకరీ కోర్సులో నేర్చుకున్న విద్యను నమ్ముకుంది. పంచదారను ఎర్రగా కరిగించి, వెన్న వేసి, అందులో పప్పు దొర్లించింది. కొట్టు మీద ‘కారమెల్ జీడిపప్పు’ అని బోర్డు కట్టింది.

మొదటి బేరం సంజీవరావుది. చిలకలూరిపేట వైపు మిరప రైతు. ఇక్కడ కూతురింటికి వచ్చినప్పుడల్లా పప్పు కొనుక్కుపోతాడు. గుప్పెడు నోట్లో వేసుకున్నాడో లేదో, మొహం చిట్లించాడు.

“ఏందమ్మాయ్, కారం అని రాసి తీపి పెట్టావు?”

“కారం కాదండీ, కారమెల్.”

“ఆ మెల్లు సంగతి నాకెందుకు? కారమేదీ?”

ఆ వారమంతా ఇదే గోల. పక్కింటి రాధాకృష్ణమూర్తి మాస్టారు జాలిపడ్డారు. తెలుగు లెక్చరరుగా రిటైరైన మనిషి.

“ఆ మాట మనది కాదమ్మా. స్పానిష్ నుంచి ఫ్రెంచికీ, అక్కణ్ణుంచి ఇంగ్లీషుకీ వచ్చింది. దానికి మూలం లాటిన్‌లో చెరకని కొందరు, రెల్లుపుల్ల అని కొందరు, కాదు అరబ్బీ అని ఇంకొందరు. హాయిగా ‘పాకం పప్పు’ అని రాయించు.”

పెద్దాయన మాట కాదనలేక రాయించింది. “పాకం మేం పట్టుకోలేమా? దీనికింత రేటా?” అంటూ వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. మళ్లీ పాత బోర్డే ఎక్కింది. హెలెన్‌కు ఒళ్లు మండి, పాకంలో గుంటూరు కారం గుమ్మరించింది.

సాయంత్రానికి బాండీ ఖాళీ. మళ్లీ వచ్చిన సంజీవరావు చెమటలు తుడుచుకుంటూ ఇంకో పొట్లం కట్టించుకున్నాడు.

“ఇదీ కారమెల్ అంటే! కారం మేలనేగా ఆ పేరు పెట్టిందీ?”

హెలెన్ నవ్వి ఊరుకుంది. అబద్ధమాడకూడదని సండేస్కూల్లో పిల్లలకు చెప్పేది తనే. అయినా తానేమీ అనలేదుగా, అన్నది ఆయన! ఆ మాట ఆటోలెక్కి చీరాల దాకా పాకింది.

మాస్టారికి నిద్ర పట్టలేదు. చీరాలలో భాషాభిమానుల సభ పెడితే, సంగతేమిటో తేల్చేస్తానని బయల్దేరారు. హెలెన్ పొట్లాలు అమ్ముకుంటూ హాలు వెనక నిలబడింది. లాటిన్ దగ్గర జనం ఆవలించారు. అరబ్బీ దగ్గర ఫోన్లు తీశారు. మాస్టారు ఆగారు. గొంతు సవరించుకున్నారు.

“మన ప్రాంతంలో మాత్రం, ‘కారం మేలు’ నుంచే ఈ మాట పుట్టిందని పెద్దలు చెబుతారు.”

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. శాలువా కప్పారు.

దిగి వస్తున్న ఆయన్ను హెలెన్ మెల్లగా అడిగింది. “ఏ పెద్దలు మాస్టారూ?”

“డెబ్బై దాటాయి. నేను పెద్దవాణ్ణి కానటమ్మా?” అంటూ ఆయన పొట్లం కోసం చెయ్యి చాపారు.