నొప్పి తెలియని చెయ్యి

మిలటరీ బడిలో పిల్లలకు నొప్పి తీసేస్తారని ఆదోనిలో అందరూ నమ్మేవారు.

ఎలా తీస్తారన్న విషయంలోనే అభిప్రాయభేదం. చేరిన వారంలోనే వెన్నులో ఒక సూది వేస్తారనీ, ఆ మందు మంచుపెట్టెలో దూరదేశం నుంచి వస్తుందనీ పత్తి మార్కెట్టు గేటు ముందు టీ కొట్టు నడిపే బసప్ప దగ్గరుండి చూసినవాడిలా చెప్పేవాడు. పీర్ల చావిడి ముసలమ్మలు సూదిని ఒప్పుకునేవారు కారు. అది పీరు దయ అని వాళ్ళ మాట. సూదో దయో, నొప్పి పోతుందన్నది మాత్రం ఎవరూ శంకించలేదు. శంకించడానికి వీల్లేకుండా సాక్ష్యం ప్రతి ఎండాకాలం సెలవులకు రైలు దిగి వచ్చేది. ఆ సాక్ష్యం పేరు దస్తగిరి, దూదేకుల బడే సాబ్ ఒక్కగానొక్క కొడుకు.

బడే సాబ్ విల్లు భుజాన వేసుకొని వీధులు తిరుగుతూ, పిలిచినవారి ఇంటి ముందు కూర్చొని పాత పరుపుల దూది ఏకేవాడు. తంతి మీటినప్పుడల్లా దూది పొగలా లేచి అతని తల మీద, కనుబొమల మీద, భుజాల మీద వాలేది. స్నానం చేసినా పూర్తిగా పోయేది కాదు. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు అతని భుజం మీది నుంచి ఒక పోగు తీసి నవ్వేవారు. అది అతనికి నచ్చేది కాదు. కొడుకు భుజం మీద దూది ఉండకూడదు, నక్షత్రాలుండాలి. డెబ్బై అయిదో సంవత్సరంలో మునిసిపల్ బడి అయ్యవారు పరీక్ష రాయించగా, సర్కారు ఖర్చు మీద దస్తగిరికి మిలటరీ బడిలో చోటు దొరికినప్పుడు, ఆ నక్షత్రాలు అప్పుడే కుట్టించినంత సంబరపడ్డాడు.

మొదటి సెలవులకు దస్తగిరి ఏడుస్తూ వచ్చాడు. తండ్రి కులవృత్తి ఏమిటో తెలిసిన రోజునుంచి పెద్ద తరగతుల పిల్లలు అతనికి ‘దూది’ అని పేరు పెట్టారు. ఆదివారం మధ్యాహ్నాలు అతన్ని పరుపులా నేలమీద బోర్లా పడుకోబెట్టి, దూది ఏకుతున్నామంటూ చుట్టూ కూర్చొని బెల్టులతో కొట్టేవారు. తంతి చప్పుడు నోటితో చేసేవాడొకడు. ఆ చప్పుడు సరిగ్గా లేదని, నువ్వే చేసి చూపించమని దస్తగిరి చేతనే చేయించేవారు. ఇదంతా తల్లి నసీబ్‌బీకి చెప్పి, తిరిగి పోనని ఆమె ఒళ్ళో తల దాచుకున్నాడు.

సెలవులు ముగిసిన రోజు స్టేషన్లో కటకటాలు పట్టుకొని వదల్లేదు. బడే సాబ్ వాడి వేళ్ళను ఒక్కొక్కటిగా ఊడదీసి, చెంప మీద ఒకటిచ్చి పెట్టెలోకి తోశాడు.

“ఏడ్చేటోనికి ఆడ జాగా లేదు” అన్నాడు. “ఈడ అసలే లేదు.”

ఆ తర్వాత దస్తగిరి ఏడవలేదు. రెండో ఏడాది మూగగా వచ్చాడు, మూగగా వెళ్ళాడు. మూడో ఏడాదికల్లా కథ మారిపోయింది.

ఆ కథ బడే సాబ్ తన కళ్ళతో చూసినదే. తల్లిదండ్రులను పిలిచే వార్షికోత్సవానికి రెండు రైళ్ళు మారి వెళ్ళాడు. కవాతు మైదానంలో పిల్లలు వరసగా నిలబడి సెల్యూట్ చేస్తున్నారు. అందరి వేళ్ళూ ఒకదానికొకటి అతుక్కొని పలకల్లా ఉన్నాయి. దస్తగిరి చిటికెనవేలు ఒక్కటే పక్కకు విడిపోయి, కొద్దిగా వంగి, ఎంత చెప్పినా దగ్గరకు రావడం లేదు. అది పొగరని డ్రిల్లు నేర్పే ఉస్తాదుకు అనిపించింది. ఆరు నెలలుగా ఆ వేలి మీద బెత్తంతో కొడుతూనే ఉన్నాడు. పిల్లవాడు రెప్ప కూడా వేయడు. కొట్టి కొట్టి ఉస్తాదుకే విసుగుపుట్టి, విసుగు అబ్బురంగా మారి, అబ్బురం ప్రదర్శనగా మారింది. పెద్ద తరగతుల పిల్లలు గుండుసూదులు గుచ్చి చూశారు. కొవ్వొత్తి పెట్టి చూశారు. ‘దూది’ అన్న పేరు ఎప్పుడో పోయింది. ఇప్పుడు వాళ్ళు అతన్ని ‘ఉక్కు’ అని పిలుస్తున్నారు. బోర్లా పడుకోబెట్టడం మానేశారు. ఆ ఆదివారాలు ఇప్పుడు మరో చిన్నవాడి పాలయ్యాయి.

వచ్చిన తండ్రులందరి ముందు ఉస్తాదు దస్తగిరిని పిలిచి చెయ్యి చాపమన్నాడు. బెత్తం మూడుసార్లు చిటికెనవేలి వైపు అరచేతి అంచున దిగింది. దస్తగిరి ఎదురుగా ఉన్న జెండా కర్రను చూస్తూ నిలబడ్డాడు. పతకాలు తగిలించుకున్న ఒక అధికారి బడే సాబ్ వైపు తిరిగి, దేశానికి ఇలాంటివాళ్ళే కావాలని అన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక దొర తనతో మాట్లాడుతూ తన భుజం మీది దూదిని చూడలేదు. బడే సాబ్ ఆ మాటను రైలంతా నెమరువేసుకుంటూ వచ్చి, ఆదోనిలో దిగిన వెంటనే బసప్పకు చెప్పాడు. మిగిలినది బసప్ప చూసుకున్నాడు.

ఆ సెలవుల్లో మిద్దె మీద తండ్రీకొడుకులు కలిసి ఒక పరుపు కుడుతుండగా, తెల్లటి గలీబు మీద ఎర్రటి చుక్కలు వరసగా కనిపించాయి. కుట్టు కుట్టుకూ దబ్బనం దస్తగిరి చిటికెనవేల్లో గుచ్చుకుంటోంది. వాడు చూసుకోకుండా కుట్టుకుంటూ పోతున్నాడు. గిరాకీవాళ్ళ గుడ్డ పాడైందని బడే సాబ్ వాడి వీపు మీద ఒకటి వేశాడు.

“నాకు తెలీలేదు నాయనా” అన్నాడు దస్తగిరి. దబ్బనం పక్కన పెట్టి వేలిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. “ఈ కొన వేలు, దీని పక్కది, ఈ అంచు. ఈడ నాకు సెయ్యి ఉన్నట్లే ఉండదు.”

బడే సాబ్ చేతిలోని కుట్టు ఆగింది.

“ఈ మాట బడిలో ఎవరికన్నా సెప్పినావా?”

“లేదు.”

“సెప్పొద్దు. నువ్వు ఓర్సుకుంటాండావనే అనుకోనీ.”

కొంతసేపటికి పిల్లవాడు అడిగాడు.

“ఇది రోగమా నాయనా?”

“రోగమైతే నొప్పి ఉండల్ల కదరా, పిచ్చోడా” అని, మిద్దె కింద ఉన్న నసీబ్‌బీకి కూడా వినపడేలా, బడే సాబ్ నవ్వాడు. తన తర్కం తనకే బలంగా తోచింది. దస్తగిరి మళ్ళీ కుట్టులో పడ్డాడు. తండ్రి చెప్పినట్టే ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు.

మరుసటి సంవత్సరం, డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో, కౌతాళం నుంచి పత్తి బండ్లతో వచ్చిన శేషప్ప అనే దళారి బసప్ప కొట్టు ముందు కూర్చొని చుట్ట కాలుస్తూ ఈ కథ విన్నాడు. విని నమ్మలేదు. మాటలు ఏకడంలో దూదేకులవాళ్ళను మించినవాళ్ళు లేరని ఎగతాళి చేశాడు. కొట్టు ముందున్నవాళ్ళంతా నవ్వారు. అక్కడే కూర్చున్న బడే సాబ్ లేచి ఇంటికి వెళ్ళి, అన్నం ముందు కూర్చున్న కొడుకును లేపి తీసుకొచ్చాడు.

“నీ సుట్ట పెట్టప్పా” అన్నాడు శేషప్పతో. “ఈ ఏలి మీద పెట్టు.”

“వద్దులే అన్నా. చిన్నపిల్లోడు.”

“నన్ను అబద్ధాలకోరును జేసి, ఇప్పుడు వద్దంటే యట్ల? పెట్టు.”

శేషప్ప కదలలేదు. బడే సాబ్ చుట్టను తానే అందుకున్నాడు. ఒక చేత్తో కొడుకు మణికట్టు పట్టుకొని, రెండో చేత్తో నిప్పును చిటికెనవేలి మొదట్లో ఆనించి ఉంచాడు. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. తర్వాత వేరే వాసన వచ్చింది. దస్తగిరి చేతిని చూడలేదు. తండ్రి ముఖాన్ని చూస్తూ నిలబడ్డాడు, బడిలో జెండా కర్రను చూసినట్టు. మొదట తల తిప్పుకున్నది శేషప్ప. ఇంక సాలప్పా అని అతను బతిమాలాక గాని బడే సాబ్ చుట్ట తీయలేదు.

“సూసినారా” అన్నాడు బసప్ప, తన సూది మందు గెలిచినట్టు.

ఎవరూ టీ తాగలేదు. దస్తగిరి మడమలు రెండూ దగ్గరకు చేర్చి, పోవచ్చా అని అడిగి, ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడు.

కాలిన చోట బొబ్బ లేచింది, పగిలింది, చీము పట్టింది. అరచెయ్యి వాచి మోచేతి దాకా ఎర్రబడింది. జ్వరం వచ్చింది. సెలవులు అయిపోవస్తున్నాయి. ఆసుపత్రికి తీసుకుపోదామని నసీబ్‌బీ అంటే బడే సాబ్ ఒప్పుకోలేదు. ఆసుపత్రి చీటీ మీద పేరు పడితే బడికి తెలుస్తుంది, దెబ్బ తగిలిన చెయ్యి అని రాసుకుంటారు, రేపు ఆఫీసరు పరీక్షలో అడ్డుపడుతుంది. పసుపు కట్టమన్నాడు. ఆమె కట్టింది. కట్టు విప్పినప్పుడు వచ్చిన వాసనకు వంటింట్లోనే కూలబడింది.

వాడు ఇంటికొచ్చినప్పటి నుంచి చెంచాతో అన్నం తింటుంటే బడి నేర్పిన దొరతనం అనుకుని ఆమె మొదట్లో ముచ్చటపడింది. చెయ్యి కాలడానికి ముందురోజు చెంచా దాచేసి ముద్ద కలుపుకోమంది. అన్నం వేళ్ళ సందుల్లోంచి జారి కంచంలోనే పడింది. మళ్ళీ కలిపితే మళ్ళీ పడింది. వేళ్ళు మూసుకోవడం లేదు. ఇప్పుడు ఈ సంగతి ఆమె మొగుడికి చెప్పి, ఎప్పుడూ ఎదురుచెప్పని మనిషి ఎదురుగా వచ్చి నిలబడింది.

“పోయినేడు ఏమన్నావు నువ్వు? రోగమైతే నొప్పి ఉంటాదన్నావు. మాంసం కుళ్ళి వాసనొస్తాండాది. నొప్పి యాడుందో సూపియ్యి.”

చివరికి బడే సాబ్ ప్రయాణానికి ఒప్పుకున్నాడు. ఆదోని ఆసుపత్రికి పోతే మార్కెట్టంతా తెలుస్తుంది కాబట్టి, ఆమె పుట్టిల్లున్న ఎమ్మిగనూరుకు బస్సెక్కారు. ఉదయమే ఒక పరుపు పని ముగించి వచ్చినందున అతని చొక్కా మీద దూది అలాగే ఉంది.

ఎమ్మిగనూరులో వైద్యుడు బక్కపలచటి మనిషి, తక్కువ మాట్లాడేవాడు. కుళ్ళిన చర్మాన్ని కత్తెరతో తీస్తూ పిల్లవాడి ముఖం చూశాడు. పిల్లవాడు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. కొట్టుముందు అలవాటైన మాట బడే సాబ్ నోట దానంతటదే వచ్చింది.

“మావోనికి నొప్పి తెలీదు సార్. మిలటరీ బడి.”

వైద్యుడి చేతిలో కత్తెర ఆగింది. చొక్కా విప్పమన్నాడు. కుడి ముంజేతి వెనక రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దగా, చుట్టుపక్కల రంగుకన్నా పాలిపోయిన మచ్చ ఒకటుంది. ఇది ఎప్పటిదని అడిగాడు. బడే సాబ్‌కు తెలియదు. నసీబ్‌బీకి తెలుసు. మునిసిపల్ బడికి పోయే రోజుల్లోనే వచ్చిందనీ, శోభి మచ్చ అనుకొని వేపాకు నూరి పూశాననీ, నొప్పి పెట్టకపోయేసరికి మరచిపోయాననీ చెప్పింది. మిలటరీ బడి పేరు అప్పటికి ఇంట్లో ఎవరూ విననైనా లేదు.

వైద్యుడు పిల్లవాడి మోచెయ్యి వంచి, లోపలి ఎముక వెనక బడే సాబ్ వేలు పెట్టి నొక్కించాడు. అక్కడ ఒక నరం తాడులా బిగిసి ఉంది. ఎడమ మోచెయ్యి మీద అదే చోట వెతికిస్తే వేలికి సన్నగా, మెత్తగా ఆనింది. ఇరవై ఏళ్ళుగా రోజూ మీటిన తన వింటి తంతి కూడా కుడిచేతిలో ఉన్నదానికన్నా లావు కాదని బడే సాబ్ వేలికి తెలిసిపోయింది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఇది కుష్టు అని వైద్యుడు చెప్పాడు. శాపం కాదు, ఎవరి పాపమూ కాదు, ఒక క్రిమి. నరంలో చేరి స్పర్శను తినేస్తుంది. బిళ్ళలున్నాయి, ఏళ్ళ తరబడి వదలకుండా మింగాలి, మింగితే వ్యాధి ఆగుతుంది. మచ్చ దగ్గరే చూపించి ఉంటే చెయ్యి చెయ్యిగానే ఉండేది. పోయినేడు తీసుకొచ్చినా వేళ్ళు చాలావరకు దక్కేవి. ఇప్పుడు వంగినవి వంగినట్టే ఉంటాయి. చిటికెనవేలు సగం తీసేయవలసి రావచ్చు.

నసీబ్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. దస్తగిరి ముందుకు వంగి శ్రద్ధగా విన్నాడు, పాఠం వింటున్నట్టు. బడే సాబ్ మాత్రం తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

“లేదు సార్. అదేం లేదు. వాడు ఓర్సుకుంటాడు, అంతే. పెద్ద పెద్ద ఆఫీసర్లే సూసినారు. నొప్పి వస్తాది, వాడు బయటికి సెప్పడు. మొండోడు సార్ వాడు. రేయ్, సెప్పరా.”

దస్తగిరి తండ్రిని చూశాడు. ఏం చెప్పమంటే అది చెప్పేలా ఉన్నాడు.

వైద్యుడు వాదించలేదు. పిల్లవాడిని కళ్ళు మూసుకోమని, ఎక్కడ తగిలితే అక్కడ ఎడమచేతి వేలితో చూపించమని చెప్పాడు. ఇందులో ఓర్చుకోవలసింది ఏమీ లేదనీ, తెలిసిన ప్రతిసారీ చూపించడమే పననీ నిదానంగా వివరించాడు. తర్వాత చెయ్యి చాపి, బడే సాబ్ భుజం మీది నుంచి ఒక దూదిపోగు తీశాడు. దాని కొసను రెండువేళ్ళతో మెలిపెట్టాడు.

పోగు దస్తగిరి చెంపను తాకింది. వాడు వెంటనే చెంప చూపించాడు. మెడను తాకింది. మెడ చూపించాడు. కుడిచేతి బొటనవేలిని తాకింది. చిన్నగా నవ్వుతూ బొటనవేలు చూపించాడు.

పోగు ముంజేతి మచ్చ మీద వాలింది. ఉంగరపు వేలి మీదుగా నడిచింది. గాయం పక్క నుంచి చిటికెనవేలి కొస దాకా వెళ్ళి అక్కడ ఆగింది.

దస్తగిరి కళ్ళు మూసుకొని, ఎడమచేతి వేలు సిద్ధంగా పైకెత్తి, దూది తగలడం కోసం ఎదురుచూస్తున్నాడు.