ఏడు రోజుల మందు

తడి దుప్పటిని ఇస్త్రీ రోలరులోకి తోస్తూ పెద్దక్క బరువంతా కుడికాలి మీదికి మార్చింది. ఎడమ పిక్క ఎర్రగా ఉబ్బి, చర్మం నున్నగా మెరుస్తోంది. చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. చర్మం కింద చీము పట్టే జబ్బని చెప్పి, డాక్టరమ్మ ఆ ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసింది. ఎరుపు గీత దాటితే ఆసుపత్రిలో చేరి నరానికి మందు ఎక్కించుకోవాలి. దాటకపోయినా ఏడు రోజులూ ఆరు గంటలకొక మాత్ర వేసుకోవాలి, కాలు ఎత్తులో పెట్టాలి.

ఇది నాలుగో రోజు. ఎరుపు గీతకు రెండు వేళ్ళు లోపలికి తగ్గింది.

ఈ లాండ్రీలో కూర్చోవడమంటే దొంగతనం కిందే లెక్క. ఇరవై రెండేళ్ళుగా ఆమె నిలబడే ఉంది. కాళ్ళు వాయని మనిషి ఇక్కడ లేదు. నొప్పి తగ్గగానే మందు ఆపేసి, మిగిలిన మాత్రలు పక్కవాళ్ళకు పంచడం ఇక్కడి ధర్మం. ఆ ధర్మం ప్రకారమే పెద్దక్క ఇంతకుముందు రెండుసార్లు మందు సగంలో ఆపింది. రెండుసార్లూ జబ్బు తిరగబెట్టింది.

మధ్యాహ్నం, అక్కడే మడతలు వేసే మరదలు పెద్దక్కకు తన వాచిన వేలు చూపించింది.

"వదినా, నీకు తగ్గిందిగా. మిగతావి ఇటు పడెయ్."

"ఇవ్వను. నా కాలి మందు నీ వేలికెందుకే? సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి పద."

మరదలు మూతి ముడుచుకుని, పిసినారివంది. పెద్దక్క ఆమె ఎదుటే మాత్ర మింగింది. తర్వాత కుంటుకుంటూ సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళి, అక్కడున్న ఒకే ఒక్క కుర్చీని రోలరు దాకా ఈడ్చుకొచ్చింది. దుప్పట్ల మూట మీద కూర్చుని, కుర్చీ మీద కాలు చాపి, మడతలు వెయ్యడం మొదలుపెట్టింది.

సూపర్‌వైజరు వచ్చాడు. తన కుర్చీ మీద కాలేమిటని అడిగాడు.

"ఎత్తులో పెట్టమన్నారు సారూ. ఇక్కడ మీ కుర్చీ కన్నా ఎత్తైనదేముంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అతను లేచి నిలబడమన్నాడు, లేకపోతే ఇంటికి పొమ్మన్నాడు.

"మూడు రోజుల మందుంది. ఇంటి దగ్గరే వేసుకుంటాను. కాలుంటే పని ఎక్కడైనా దొరుకుతుంది."

చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తి చేసి, దొంతర మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

కుర్చీ తెచ్చి గదిలో పెట్టమని అతను రెండుసార్లు కేకేశాడు. ఎవరూ కదల్లేదు. రోలరు తిరుగుతూనే ఉంది. దాని పక్కన కుర్చీ, కుర్చీ మెత్త మీద మడమ దిగిన గుంట.