కూర్చున్న నేరం

మనిషికి గౌరవం పుట్టుకతోనే వస్తుందని బోర్డు మీద రాసి, సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు దులుపుకుంటూ మా నీతిశాస్త్రం మేష్టారు చివరి బెంచీ వైపు చూశారు.

"ఏయ్, ఎవరది? లే! లే పైకి!"

అక్కడ కూర్చున్నది మెట్లక్క. నాలుగంతస్తుల మెట్లూ రోజుకు రెండుసార్లు తుడిచే మనిషి కాబట్టి ఆ పేరు. పిక్కల మీద నరాలు ఉబ్బి, నీలంగా మెలికలు తిరిగి ఉంటాయి. వెనక తలుపులోంచి వచ్చి, చీపురు ఒళ్ళో పెట్టుకుని, బెంచీ అంచున ఒక్క నిమిషం కూలబడింది. అంతే.

"కాళ్ళు లాగేస్తున్నాయండీ…"

"బెంచీలు విద్యార్థుల కోసం వేశారు. పో, బయటికి పో!"

ఆమె లేచి వెళ్ళిపోయింది. మేష్టారు బోర్డు వైపు తిరిగి, గౌరవాన్ని ఆపిన చోటి నుంచే అందుకున్నారు. మేం అరవైమందిమీ దాన్ని నోటుపుస్తకాల్లోకి దించుకున్నాం. నేనూ దించాను, దాచడమెందుకు? కింద గీత కూడా గీశాను.

మొదటి ఏడాది వాళ్ళకు పెట్టిన ఆ పాఠం పేరు 'నీతి, సమాజం, చట్టం'. మూడూ ఒకే గదిలో హాయిగా సర్దుకునేవి. గది దాటి బయటికి వచ్చే అలవాటు మూడింటికీ లేదు. నా సంగతంటారా, ఒక డిగ్రీ ఇరవై ఏళ్ళుగా బీరువాలో ఒంటరిగా పడి ఉంది. పిల్లలు చేతికందాక దానికి తోడు తెద్దామని చేరాను. క్లాసంతా నన్ను పిన్నీ అనేది.

మర్నాడు మెట్లక్కను పనిలోంచి తీసేశారు. శుభ్రం చేసే పనిని విశ్వవిద్యాలయం ఒక కాంట్రాక్టరుకు అప్పగించింది. ఆయనగారి నియమం ప్రకారం పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా పనివాళ్ళు ఎక్కడా కూర్చోకూడదు. బెంచీ మీదా, మెట్టు మీదా, నేల మీదా కూడా. అన్నం నిలబడి తినాలి. గుర్రాలకైతే బాగానే నప్పే నియమం. గుర్రాలు చీపురు పట్టవు, అదొక్కటే చిక్కు.

మా క్లాసు భగ్గుమంది. అందరికన్నా ఎక్కువగా మండింది సెక్షను. పద్దెనిమిదేళ్ళ పిల్ల, చట్టం పుస్తకం పక్కన లేకుండా అన్నం కూడా తినదు, అందుకే ఆ పేరు.

"పిన్నీ, పోయిన వారమే కదా చెప్పారు! ఏళ్ళ తరబడి అందరికీ తెలిసి, ఎవరూ అడ్డుచెప్పకుండా జరిగే పని ఆచారం అవుతుంది. ఆచారానికి చట్టబలం ఉంటుంది. వీళ్ళు ఎప్పటి నుంచో కూర్చుంటూనే ఉన్నారని రుజువు చేస్తే చాలు, గెలుపు మనదే!"

క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ మధ్యాహ్నమే రుజువుల కోసం బయల్దేరాం. పనివాళ్ళు మమ్మల్ని నమ్మి అన్నీ చెప్పారు. జనరేటరు గది వెనక ఒకామె, మూడో అంతస్తు బాత్రూములో బక్కెట్టు బోర్లించి ఇంకొకామె, లైబ్రరీ పాత పేపర్ల గుట్ట చాటున మరొకామె. మొత్తం ఐదుగురు. ఎవరు, ఎక్కడ, ఎన్నేళ్ళుగా, రోజుకు ఎంతసేపు, అన్నీ రాశాం. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని సాపు ప్రతి నాతోనే రాయించారు. పదకొండు పేజీలు. రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర వేయించుకుని, లోకాన్ని మరమ్మతు చేసి వచ్చినంత సంబరంగా టీలు తాగాం.

రెండో రోజు ఆ ఐదుగురినీ తీసేశారు. మాకు ఒక ఉత్తరం వచ్చింది: 'విద్యార్థులు సమర్పించిన సవివరమైన ఆధారాలకు కృతజ్ఞతలు. క్రమశిక్షణ విషయంలో మీ సహకారం అభినందనీయం.'

సాయంత్రం జనరేటరు గది వెనక మీటింగు. వాళ్ళు ఆరుగురు, మేం తలలు వంచుకుని అరవైమందిమి. లైబ్రరీ ఊడ్చే ఆవిడను అందరూ అత్త అంటారు. ముందుగా అందుకున్నది ఆవిడే.

"చదువుకున్నోళ్ళు కదా అని నోరు విప్పాం. పదేళ్ళుగా దాచుకున్న చోట్లన్నీ ఒక్క పూటలో వాళ్ళ చేతిలో పెట్టారు. సూపర్‌వైజరుకి మమ్మల్ని వెతుక్కునే శ్రమ తప్పింది. వాడి ఉద్యోగమేదో మీకే ఇస్తే పోయేది!"

"అత్తా, అప్పీలు రాద్దాం…" అంది సెక్షను.

"రాయి తల్లీ, రాయి. ఇంకా పద్నాలుగు మంది పనిలో మిగిలారు. వాళ్ళ పేర్లు కూడా గుండ్రంగా రాసెయ్. ఒక పనైపోతుంది."

గుండ్రంగా అన్నప్పుడు ఆవిడ నా వైపే చూసింది.

"పోనీ లేవే," అంది మెట్లక్క. "పిల్లల్ని తిడితే నా ఉద్యోగం తిరిగొస్తుందా? ఇంట్లో నా ఒక్కదాని సంపాదన మీదే ముగ్గురు బతకాలి. నేనొకటి అంటాను వినండి. ఇన్నాళ్ళూ చాటున కూర్చున్నాం. చాటున కూర్చుంటే దొంగల్లాగే చూస్తారు. రేపు ఎదురుగా కూర్చుందాం. అందరం."

"మరి మేమేం చెయ్యాలి?" అన్నాన్నేను.

"మీరా? నిలబడండి. నాలుగింటి దాకా."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నీతిశాస్త్రం గదిలో ముందు బెంచీల నిండా వాళ్ళే. తీసేసిన ఆరుగురూ, చీపుర్లు గుమ్మంలో పడేసి వచ్చిన పద్నాలుగు మందీ. మేం గోడల వెంట నిలబడ్డాం. మేష్టారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"రండి సారూ," అంది అత్త. "గౌరవం దాకా వచ్చారంట కదా. కానివ్వండి, వింటాం."

"చూడండమ్మా, వ్యక్తిగతంగా నేను మీ పక్షమే…"

ఆ 'వ్యక్తిగతంగా' అన్న మాట వినబడగానే మనిషి వెనకడుగు వేస్తున్నాడని లెక్క. పెళ్ళైన కొత్తలోనే నాకది అర్థమైంది. మేష్టారు ఫోను చెయ్యడానికి వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

పదకొండింటికి మడమల్లో సూదులు గుచ్చినట్టయింది. మాలో ఒక కుర్రాడు గోడ వెంట జారి నేల మీద చతికిలబడ్డాడు.

"ఏయ్, ఎవరది? లే పైకి!" అని గర్జించింది అత్త. "డ్యూటీలో కూర్చుంటావా?"

గదంతా గొల్లుమంది. మెట్లక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. కుర్రాడు లేచి నిలబడ్డాడు.

మధ్యాహ్నం రిజిస్ట్రారు, కాంట్రాక్టరు, వెనకాలే ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళూ వచ్చారు. కాంట్రాక్టరు మొహం వెలిగిపోతోంది. వ్యానులో కొత్త మనుషుల్ని తెచ్చాడు. ఆరుగురు ఆడవాళ్ళు కొత్త చీపుర్లతో గుమ్మంలో నిలబడ్డారు.

"చూశారా? మీరు కాకపోతే వంద మంది. లేవండి, లేవండి!"

కొత్తవాళ్ళలో పెద్దావిడ మెట్లక్క దగ్గరికి వచ్చింది.

"నిన్నెందుకు తీసేశారమ్మా?"

"కూర్చున్నానని."

"అంతేనా?"

"అంతే. ఒక్క నిమిషం."

పెద్దావిడ ఆ కాళ్ళకేసి చూసింది. కాంట్రాక్టరు వైపు తిరిగింది. "ఈ సంగతి మాకు చెప్పలేదే?"

"నీకెందుకు చెప్పాలి? వచ్చిన పని చూసుకో!"

ఆవిడ చీపురు మేష్టారి బల్లకు ఆనించింది. "కాస్త జరుగమ్మా," అంది. మెట్లక్క జరిగింది. మిగతా ఐదుగురూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. బెంచీలు ఇరుకయ్యాయి.

రిజిస్ట్రారు మొహం మాడిపోయింది. "లాగెయ్యండి బయటికి!" అని అరిచాడు. కానిస్టేబుళ్ళు ముందుకు కదిలారు. ఎవరు చెప్పారో తెలీదు, మేమూ కదిలాం. గోడలు వదిలి వచ్చి బెంచీలకు ముందు మూడు వరసలుగా నిలబడ్డాం. సెక్షను మొదటి వరసలో, నా పక్కనే.

"ఏమ్మా, చదువుకున్న పిల్లవి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఏ చట్టం ప్రకారం అడ్డు నిలబడ్డావు?"

"అక్కడిదాకా పాఠం రాలేదండీ," అంది సెక్షను. "మొదటి ఏడాదే."

అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్కరూ పక్కకు తప్పుకోలేదు.