ఖాళీ అనుకున్న రెండు నిమిషాలు

పాత క్యాసెట్లలోని గొంతులను కంప్యూటరులోకి ఎక్కించి శుభ్రం చేయడం నా పని. ముప్పయ్యేళ్లుగా ఇదే గది, ఇదే కుర్చీ, ఇదే నడుం నొప్పి. చెల్లెలి మొగుడు, మా బావ, గొంతు జబ్బుతో పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో ఒక్కతే కూర్చుని గోడలతో మాట్లాడే కంటే నా దగ్గరికొచ్చి పని నేర్చుకోమని చెల్లెల్ని నేనే పోరాను. నాకు ఓపిక తక్కువ, నోరెక్కువ. అది నవ్వుతూ పడుతుంది.

పనిలో చేరిన పదిహేనో రోజున అది సంచీలోంచి ఒక క్యాసెట్ తీసింది.

"ఆయన పోయే ముందు వారం రికార్డు చేశారన్నయ్యా. చివర్లో నాకోసం ఏదో చెప్పారు. తాను పోయాక వినమని సైగ చేశారు. ధైర్యం చాలక ఇన్నాళ్లూ పెట్టలేదు. ఇప్పుడు ఆ మాట నాక్కావాలి."

"నాలుగేళ్లు చెమ్మ బీరువాలో మగ్గబెట్టి ఇప్పుడు తెచ్చావా తల్లీ!" అని కసిరాను. టేపు మీది పూత జిగురెక్కి ఊడిపోతోంది. ఒక్కసారి తిరిగితే అంతా మిషనుకే అంటుకుపోతుంది. రెండోసారి వినడానికి ఏమీ మిగలదు.

టేపు తిప్పాను. తెర మీద గీత కదలడం మొదలైంది. "ఇదే అసలు పాఠం, బాగా విను" అని, నా మాట వినబడాలి కదా, స్పీకరు తగ్గించాను.

"గొంతంటే గాలిలో అల. కంప్యూటరుకి అల తెలీదు, అంకెలే తెలుసు. అందుకని సెకనుకి నలభై నాలుగు వేల వంద సార్లు ఆ అల ఎంత ఎత్తుందో కొలిచి రాసుకుంటుంది."

"అమ్మో, అన్నిసార్లే! నువ్వు మా గడప తొక్కేది ఏడాదికి ఒక్కసారి."

"వెటకారం ఆపు. తక్కువసార్లు కొలిస్తే సన్నటి చప్పుళ్లు తప్పుగా పడతాయి. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనపడదూ, అలాగ. అంకెలయ్యాక మన ఇష్టం. పెంచొచ్చు, తగ్గించొచ్చు, అక్కర్లేని రొద తీసేయొచ్చు."

"ఏది అక్కర్లేదో దానికెలా తెలుస్తుంది?"

"మనమే చూపించాలి. ఎవరూ మాట్లాడని చోటు చూపిస్తే, ఆ రొదలో ఏ స్వరం ఎంతుందో లెక్కగట్టి ఒక గీత గీసుకుంటుంది. అలాంటిది ఇంకెక్కడ కనబడ్డా కోసేస్తుంది."

టేపు అయిపోయింది. తెర మీద పదకొండు నిమిషాలు మాటల మిట్టలు, ఆ తర్వాత రెండు నిమిషాలు సన్నటి పట్టీ. ఆ పట్టీనే రొదగా చూపించాను. మొత్తం శుభ్రం చేయించి, అదే పేరు మీద దాచి ఫైలు మూసేశాను. ముందు అసలు కాపీ తీసి పక్కన పెట్టాలని పనిలోకొచ్చిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్తాను. చెల్లెలి ముందు గొప్ప చూపించుకునే తొందరలో నా మాట నాకే గుర్తు రాలేదు.

మళ్లీ తెరిచి వినిపించాను. బావ బొంగురు గొంతు మచ్చ లేకుండా వచ్చింది. నీళ్ల మోటారు స్విచ్చు వేడెక్కుతోంది, మార్పించు. ఇంటి కాగితాలు పై అరలో ఉన్నాయి. జాగ్రత్త.

"విన్నావుగా, జాగ్రత్తన్నాడు" అని ఆపబోయాను. అది నా చెయ్యి పట్టుకుంది.

"ఉండన్నయ్యా, ఇంకా ఉంది."

"ఇంకేముందే? ఖాళీ."

"ఖాళీ ఎలా అవుతుంది? నేను గుమ్మంలోంచి చూశాను. ఆ మాటతో గొంతు పూర్తిగా పోయింది. మైకుకి పెదాలు ఆనించి గుసగుసగా చెప్తూనే ఉన్నారు."

గుసగుసలో గొంతు ఉండదు, ఊపిరే. తెర మీద అది టేపు రొదలో కలిసిపోతుంది. ఈ సంగతి నాకు కాక ఎవరికి తెలియాలి? చెవితో చేయాల్సిన పని కంటితో చేశాను. టేపు తిరిగినంతసేపూ నా వాగుడే నేను విన్నాను. బావ మాటల్నే రొద అని చూపించి కోయించాను. ఫైలు మూసేశాక కోసింది వెనక్కి రాదు. పిచ్చివాడిలా టేపు మళ్లీ తిప్పాను. గోధుమరంగు పొడి రాలింది, అంతే.

గాలి తప్ప ఏమీ పడలేదమ్మా అని అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆడలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"తిట్టవే" అన్నాను. నాకే ఏడుపొచ్చింది.

అది తెర వైపు చూస్తూ అడిగింది. "గీత గీసుకుంటుందన్నావుగా. అదుందా?"

"ఉంది. కానీ దాంట్లో మాటల్లేవమ్మా. రెండు నిమిషాల ఊపిరీ టేపు రొదా కలిపి రుబ్బిన పిండి అది. ఏది ముందో ఏది వెనకో తెలీదు."

"ఆయన ఊపిరేగా. వినిపించు."

ఆ గీత ప్రకారం రొద పుట్టించాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. కంప్యూటరు ఎంతసేపైనా పుట్టిస్తూనే ఉంటుంది. ఐదు నిమిషాలైంది. ఆపమని ఎలా చెప్పను?

అదే కళ్లు తెరిచింది.

"రెండు నిమిషాలకి కోసెయ్యన్నయ్యా. ఆయన చెప్పింది అంతసేపే."

కోశాను. కోసే ముందు కాపీ తీసి పక్కన పెట్టాను.